పల్లె బాప్టిస్టు సంఘం: ఒంగోలు మూలాలు, నేటి జీవనం

ప్రకాశం, బాపట్ల, పల్నాడు, నెల్లూరు జిల్లాల గ్రామాలలో ఊరికి కొంత ఎడంగా ఉండే పేటలలో చిన్న చిన్న ప్రార్థనామందిరాలు కనిపిస్తాయి. కొన్ని ఒకే గది కట్టడాలు. కొన్నిటికి ముందు రేకుల పందిరి, పైన ఒక సిలువ, లౌడ్‌స్పీకరు ఉంటాయి. వీటిలో చాలా వాటి పేరులో ‘తెలుగు బాప్టిస్టు’ అన్న మాట ఉంటుంది. బయటివారి దృష్టిలో చర్చి అంటే ఆ కట్టడమే. లోపలివారికి మాత్రం సంఘం అంటే ఒక పుస్తకంలోని పేర్లు. ఎవరు ఎప్పుడు బాప్తిస్మం పొందారు, ఎవరి పేరు వేరొక సంఘానికి బదిలీ అయింది, ఎవరు మరణించారు అన్న వివరాలతో కూడిన సభ్యత్వ రిజిస్టరు అది. బాప్టిస్టు సంప్రదాయంలో మందిరం లేని సంఘం ఉండవచ్చు. సభ్యులు లేని సంఘం ఉండదు.

ఆ రిజిస్టరులో పేరు చేరడానికి నిబంధనలు 400 ఏళ్ల క్రితం ఐరోపాలో ఏర్పడ్డాయి. తెలుగు పల్లెలకు వచ్చేసరికి వాటికి కులం, కరవు, కూలి, ప్రభుత్వ ధ్రువపత్రం అనే నాలుగు విషయాలు ఎదురయ్యాయి.

పేరు వెనుక సూత్రం

బాప్టిస్టు ఉద్యమపు ఆరంభాన్ని చరిత్రకారులు సాధారణంగా 1609తో ముడిపెడతారు. ఇంగ్లండు నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలివెళ్లిన జాన్ స్మిత్ బృందం ఆ ఏడాది శిశువులకు ఇచ్చే బాప్తిస్మాన్ని తిరస్కరించింది. విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకోగలిగిన వ్యక్తికే బాప్తిస్మం ఇవ్వాలన్నది ఆ బృందపు వాదం. వారిలో ఒకరైన థామస్ హెల్విస్ స్వదేశానికి తిరిగివచ్చి 1612 ప్రాంతంలో లండనులో ఒక సంఘాన్ని నెలకొల్పారు. మనిషి విశ్వాసంపై రాజుకు అధికారం లేదని రాసినందుకు ఆయన చెరసాల పాలయ్యారు. నీటిలో పూర్తిగా ముంచే పద్ధతి ఆ తరువాతి తరంలో స్థిరపడింది.

ఈ ఉద్యమం నుంచి మూడు లక్షణాలు నిలిచాయి. బాప్తిస్మం వ్యక్తి సొంత నిర్ణయం. ప్రతి స్థానిక సంఘం తన పెద్దలను, కాపరిని, క్రమశిక్షణను తానే నిర్ణయించుకుంటుంది. పైన బిషప్పు ఉండరు. సంఘ వ్యవహారాలలో ప్రభుత్వానికి, ప్రభుత్వ వ్యవహారాలలో సంఘానికి ప్రమేయం ఉండరాదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు తెలుగు బాప్టిస్టులు వెలుపలే ఉండడానికి మొదటి రెండు లక్షణాలే ఆధారం.

తెలుగులో ఈ మాటల రూపమే ఒక చిన్న చరిత్ర చెబుతుంది. ‘బాప్తిస్మము’ బైబిలు అనువాదాల ద్వారా వచ్చింది. దానిలో గ్రీకు మూలపు ‘తి’ నిలిచింది. ‘బాప్టిస్టు’ మిషను కార్యాలయాల ద్వారా వచ్చింది. దానిలో ఇంగ్లీషు ఉచ్చారణలోని ‘టి’ చేరింది. ఒకే ధాతువు నుంచి పుట్టిన రెండు మాటలు ఒకే వాక్యంలో వేర్వేరు అక్షరాలతో వినిపిస్తాయి. వ్యవహారంలో మాత్రం పల్లెవాసులు ‘మన సంఘం’ అనే అంటారు.

8 మందితో మొదలు

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే రాకతో మొదలైంది. విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసులలో కొంతకాలం పనిచేసిన ఆయన 1840లో నెల్లూరు చేరారు. తరువాతి పాతికేళ్లలో చేరిన సభ్యులు చాలా స్వల్పం. ఫలితం లేని ఈ మిషనును మూసివేయాలన్న ప్రతిపాదన అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చకు వచ్చింది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సమావేశంలో, పటంలో నెల్లూరును సూచించే ఒంటరి నక్షత్రాన్ని ఒక వక్త ప్రస్తావించగా, ఆ రాత్రే శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ దానిపై ఒక పద్యం రాశారని, మరునాడు అది సభలో చదివినప్పుడు మూసివేత ఆలోచన వీగిపోయిందని మిషను చరిత్రలు చెబుతాయి. అప్పటి నుంచి దీనికి ‘లోన్ స్టార్ మిషను’ అన్న పేరు స్థిరపడింది.

1854 జనవరి 1న లైమన్ జూవెట్, ఆయన భార్య యూఫీమియా, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు శివారు కొండపై ప్రార్థన చేశారు. ఈ సంఘటన సంఘాల స్మృతిలో ఇప్పటికీ పెద్ద స్థానం ఆక్రమిస్తుంది. అయితే ఒంగోలులో నివాస మిషనరీ కుదురుకోవడానికి మరో పన్నెండేళ్లు పట్టింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ అక్కడికి వచ్చారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం 8 మంది సభ్యులతో ఏర్పడింది.

ఆ తరువాతి విస్తరణకు మూలం మిషను బంగళా కాదు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు. తోలు పని చేసుకొనే ఆయన అంతకుముందే యోగసాధన మార్గంలో గురువుల వద్ద శిష్యరికం చేసిన వ్యక్తి. తన చుట్టూ కొంత శిష్యవర్గం కూడా ఉండేది. ఏలూరు ప్రాంతంలో క్రైస్తవ బోధ విని, 1866లో బాప్తిస్మం పొంది, పల్లె పల్లెకు తిరిగి బోధించారు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథంలో ఈ తొలితరం మాదిగ విశ్వాసుల జీవితాలు వారు చెప్పిన విధంగానే నమోదయ్యాయి. గురుశిష్య బంధం, బంధుత్వపు దారులు, సంతకు వెళ్లే బాటలు ఈ మూడింటి వెంటనే కొత్త మతం ప్రయాణించిందని ఆ గ్రంథం చదివిన వారికి అర్థమవుతుంది. మిషను చరిత్రలు మిషనరీని నాయకునిగా చిత్రించినంతగా ఈ బాటలను చిత్రించలేదు.

తొలినాళ్లలోనే క్లౌకు ఒక ఎంపిక ఎదురైంది. ఒంగోలులో అగ్రవర్ణాల కుటుంబాలు మిషను పాఠశాలపై ఆసక్తి చూపాయి. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను పంపబోమని ఆ కుటుంబాలు స్పష్టం చేశాయి. ఆయన, ఆయన మొదటి భార్య వేర్వేరు గదులలో బైబిలు తెరవగా ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కంటబడిందని, దానితో మాదిగలను చేర్చుకోవడానికే నిశ్చయించారని ఆయన ఆత్మకథ పేర్కొంటుంది. అగ్రవర్ణాల పిల్లలు పాఠశాల విడిచి వెళ్లారు.

చేరినవారికి మూడు నియమాలు విధించారు. ఆదివారం పని చేయరాదు, చనిపోయిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. వినడానికి ఇవి మతపరమైన నియమాలు. ఆచరణలో మాత్రం గ్రామ ఆర్థిక వ్యవస్థకే తగిలాయి. చనిపోయిన పశువును తరలించడం, జాతరలో డప్పు కొట్టడం, రైతుకు చెప్పులు, కపిలబానకు తోలు సమకూర్చడం మాదిగల విధులు. వాటికి ప్రతిఫలంగా పంటకాలంలో ధాన్యం వాటా అందేది. డప్పు కొట్టబోమన్నవారికి ధాన్యం ఆగింది. బావుల దారి మూసుకుపోయింది. కొన్నిచోట్ల కేసులు, దెబ్బలు కూడా తప్పలేదు. బాప్తిస్మం అంటే వ్యక్తి విశ్వాసమే అయినా, దాని ధర చెల్లించింది పల్లె మొత్తం.

కాలువ పని, గుండ్లకమ్మ

1876–78 మహాకరవు దక్షిణ భారతమంతటినీ అతలాకుతలం చేసింది. కరవు పనిగా ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని చేపట్టగా, అమెరికాలో సర్వే పని చేసిన అనుభవమున్న క్లౌ మూడున్నర మైళ్ల భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నారు. రాజుపాలెం వద్ద శిబిరం వెలిసింది. తెలుగు బోధకులే మేస్త్రీలుగా కూలీల ముఠాలను నడిపారు. అంటరానివారిని అదిలించని పని స్థలం అన్న వార్త పల్లెలకు పాకింది.

శిబిరంలో సాయంత్రాలు బోధ జరిగేది; కానీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం మతం మారారన్న అపవాదు రాకూడదని, సుమారు 15 నెలల పాటు అడిగినవారిని సైతం నిరీక్షింపజేశారు. కరవు సడలి, కాలువ పని ముగిసి, ఇవ్వడానికి మిషను చేతిలో డబ్బు లేదన్న సంగతి తెలిసిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద బాప్తిస్మం జరిగింది. 3వ తేదీన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీటిలో నిలిచారు.

2,222 అన్న సంఖ్య ప్రపంచ బాప్టిస్టు చరిత్రలన్నింటిలో కనిపిస్తుంది. దానితోపాటే ఒక ప్రశ్న కూడా అప్పుడే తలెత్తింది. స్వయంగా ఒప్పుకున్న వ్యక్తికే బాప్తిస్మం అన్న సంప్రదాయంలో, ఒక్క రోజులో వేల మందికి ఇవ్వడం సమంజసమా అని అమెరికాలోని వారే విమర్శించారు. ప్రతి పల్లె బోధకుడు తన వారి పేర్ల జాబితాతో వచ్చాడని, ఎవరెవరో అతనికి తెలుసునని క్లౌ సమాధానం. పల్లెలో నిర్ణయాలు పెద్దల సమక్షంలో అందరూ కలిసి తీసుకొనేవేనని, ఆ పద్ధతిని కాదని ఒక్కొక్కరినీ విడదీసి చూడడం తగదని ఆయన భావించారు. మాదిగ పల్లెల కులపెద్దలనే సంఘ పెద్దలుగా ఆయన నిలిపారు. ఇంగ్లండు, అమెరికాల బాప్టిస్టు సంఘంలో వ్యక్తులు కలిసి సంఘమయ్యారు. ఒంగోలు పల్లెలలో అప్పటికే ఉన్న ఒక సమూహం సంఘంగా మారింది. నేటికీ ఒక పేటలోని బాప్టిస్టు సంఘమూ, ఆ పేటలోని ఒక కులమూ చాలాచోట్ల ఒకటే కావడానికి మూలం ఇక్కడే ఉంది. కులాన్ని దాటాలన్న ఆశయంతో మొదలైనది కులపు సరిహద్దులలోనే స్థిరపడడం ఈ చరిత్రలోని పెద్ద వైరుధ్యం.

మరో విచిత్రం కూడా ఉంది. వందలాది పల్లెలలోని ఈ కొత్త సభ్యుల పేర్లు చాలాకాలం ఒంగోలు సంఘపు ఒక్క రిజిస్టరులోనే ఉండేవి. దానితో అది ప్రపంచంలోనే అతిపెద్ద బాప్టిస్టు సంఘమన్న పేరు పొందింది. కానీ ప్రతి స్థానిక సంఘం స్వతంత్రమన్న సూత్రానికి అది సరిపడదు. 1880ల నుంచి కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల కేంద్రాలుగా విభజన జరిగి, పల్లెలు క్రమంగా తమ తమ రిజిస్టర్లు తెరిచాయి. రామాపట్నంలో 1870ల్లో నెలకొన్న వేదాంత పాఠశాల ఆ పల్లెలకు బోధకులను సిద్ధం చేసింది. 1962లో ఈ సంఘాలన్నీ కలిసి తెలుగు బాప్టిస్టు సంఘముల సమావేశంగా ఏర్పడ్డాయి. దాని కేంద్రం నెల్లూరు. గోదావరి, ఉత్తరాంధ్ర ప్రాంతాల బాప్టిస్టులది వేరే పాయ. 1874లో కాకినాడ కేంద్రంగా మొదలైన కెనడియన్ బాప్టిస్టు మిషను దాని మూలం.

ఆదివారం, బల్ల, పుస్తకం

చిన్న సంఘంలో సభ్యత్వం బాప్తిస్మంతో మొదలవుతుంది. బిడ్డ పుట్టినప్పుడు జరిగేది ప్రతిష్ఠ ప్రార్థన మాత్రమే. పేరు రిజిస్టరుకు ఎక్కదు. యుక్తవయసులో అడిగినవారికి కాపరి కొన్ని వారాల పాటు బోధ చేస్తారు. తరువాత సంఘం ఎదుట వారు తమ విశ్వాసాన్ని నోటితో ఒప్పుకోవాలి. చెరువు, కాలువ, వాగు, లేదా మందిరం పక్కన సిమెంటుతో కట్టిన తొట్టి దగ్గరకు సంఘమంతా పాటలు పాడుతూ వెళుతుంది. తెల్లని వస్త్రాలు ధరించిన వ్యక్తిని కాపరి నడుము లోతు నీటిలో వెనుకకు వంచి ఒక్కసారి ముంచి లేపుతారు. పాతిపెట్టడానికి, తిరిగి లేవడానికి అది సూచన. వేసవిలో నీరు లేని పల్లెలకు పక్క ఊరి కాలువే గతి.

బాప్తిస్మం పొందినవారే ప్రభువు బల్లలో పాలుపొందుతారు. చాలా సంఘాలలో ఇది నెలలో మొదటి ఆదివారం జరుగుతుంది. తగాదాలు, తాగుడు, రెండో పెళ్లి వంటి విషయాలలో సభ్యుని కొంతకాలం బల్లకు దూరంగా ఉంచే అధికారం సంఘానిదే. బయటివారికి చిన్న శిక్షగా కనిపించే ఇది, అందరూ బంధువులే అయిన ఒక పేటలో ఎంతో బరువైనది.

కాపరిని పిలవడం, సాగనంపడం, డీకన్లను ఎన్నుకోవడం, లెక్కలు ఆమోదించడం సంఘ సమావేశం చేతిలో ఉంటాయి. సిద్ధాంతరీత్యా ప్రతి సభ్యునికీ, సభ్యురాలికీ సమాన ఓటు. ఆరాధనకు వచ్చేవారిలో స్త్రీలే ఎక్కువ. పెద్దల బల్లపై కూర్చునేవారిలో పురుషులే ఎక్కువ. మిషను కాలంలో బైబిలు స్త్రీలు ఇంటింటికీ తిరిగి చదువు, బోధ నేర్పారు. ఆ పని నేడు స్త్రీల సమాజం చేతికి, తరచుగా జీతం లేకుండానే కాపరితో సమానంగా పనిచేసే ‘పాస్టరమ్మగారి’ చేతికి వచ్చింది. రోగి వద్ద ప్రార్థన, పురిటి ఇంటి పరామర్శ, సండే స్కూలు, భార్యాభర్తల కలహాల మధ్యస్థం ఆమె దినచర్యలో భాగం.

ఆరాధన వేళ కూడా ఊరిని బట్టి మారుతుంది. పుస్తకం ప్రకారం ఆదివారం ఉదయమే. కానీ పొగాకు, మిర్చి పనుల కాలంలో కూలి మానుకోలేని కుటుంబాలున్న పల్లెల్లో రాత్రి ఆరాధనలు ఎప్పటి నుంచో ఉన్నాయి. 1867లో విధించిన మొదటి నియమం ఇప్పటికీ పూర్తిగా అమలు కాలేదని దీని అర్థం. ఆ నియమం పాటించడానికి తగిన కూలి రేటు ఆ పల్లెకు ఎన్నడూ రాలేదని కూడా.

పాటల విషయంలో ఈ సంఘాలకు గొప్ప వారసత్వం ఉంది. బ్రాహ్మణ కుటుంబంలో జన్మించి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో రచించిన కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనంలో భాగమై అన్ని శాఖల సంఘాలలో నిలిచాయి. రాగతాళాలు శీర్షికగా ముద్రించి ఉండే ఆ పుస్తకం, చదవడం రాని వృద్ధులకు సైతం కంఠతా వచ్చేది. కీబోర్డు, ప్యాడ్‌లు వచ్చిన తరువాత కొత్త పాటలు పెరిగాయి. గుడ్ ఫ్రైడే నాడు, అంత్యక్రియల వేళ మాత్రం పాత కీర్తనలే వినిపిస్తాయి.

పిడికెడు బియ్యం

స్వయంపాలన ఉన్న సంఘం స్వయంపోషకం కూడా కావాలన్నది మిషను మొదటి నుంచీ చెప్పిన మాట. పల్లె బోధకునికి పల్లె ధాన్యం పెట్టాలని, మిషను కొంత మాత్రమే కలపాలని క్లౌ కాలంలోనే ఆలోచన ఉండేది. భూమిలేని కూలీల సంఘానికి అది ఎన్నడూ సులువు కాలేదు. మిషను డబ్బు తగ్గి, మిషనరీలు వెళ్లిపోయాక భారం పూర్తిగా పల్లెపై పడింది.

ఆ భారాన్ని మోయడానికి పల్లె కనుగొన్న మార్గాలలో పిడికెడు బియ్యం ఒకటి. అన్నం వండే ప్రతిసారీ గృహిణి ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బాలన్నీ మందిరంలో ఒక చోట చేరతాయి. కొంత కాపరి ఇంటికి, కొంత ఆధారం లేని వృద్ధులకు, మిగిలినది అమ్మి నిధికి. రెండవది కోతపండుగ. తొలి పంట, గుమ్మడికాయ, కోడి, అరటిగెల, కొబ్బరికాయ ఏది తెచ్చినా అక్కడే వేలం వేస్తారు. బజారులో దొరికే ధరకు ఎన్నో రెట్లు పలుకుతాయి. కొన్నవారు దాన్నే తిరిగి కానుకగా ఇచ్చి మళ్లీ వేలం వేయించడం కూడా ఉంది. మందిరపు పైకప్పులు చాలావరకు ఇలా వచ్చిన డబ్బుతో, సభ్యులే మోసిన ఇసుక, ఇటుకలతో వేసినవి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇటీవలి సంవత్సరాలలో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం పథకం తెచ్చినప్పుడు, ప్రభుత్వ ప్రమేయాన్ని నిరాకరించి చెరసాలకు వెళ్లిన హెల్విస్ వారసులు దానికి దరఖాస్తు చేయవచ్చునా అన్న ప్రశ్నకు చాలా పల్లెల్లో సమాధానం బియ్యపు డబ్బాయే చెప్పింది. నెలంతా వచ్చే కానుకలు అంతకంటే తక్కువగా ఉన్న సంఘానికి సిద్ధాంతం ఒక విలాసం.

నేటి చిన్న సంఘానికి మరో పోటీ ఉంది. బాప్టిస్టుల వలెనే పెద్దవారికి నిమజ్జన బాప్తిస్మం ఇచ్చే బక్త్‌సింగ్ సహవాసాలు, పెంతెకోస్తు సంఘాలు, ఏ శాఖకూ చెందని స్వతంత్ర పరిచర్యలు పట్టణాల నుంచి పల్లెలకు విస్తరించాయి. ఆరాధనలో ఉత్సాహం, స్వస్థత ప్రార్థనలు, టీవీ ప్రసంగాలు యువతను ఆకర్షిస్తున్నాయి. మరోవైపు మిషను వదిలిన ఆస్తులపై పెత్తనం కోసం పై స్థాయిలో సాగిన వివాదాలు న్యాయస్థానాల దాకా వెళ్లాయి. పల్లె సంఘానికి ఆ ఆస్తుల వల్ల ఒరిగేది స్వల్పం. తగాదాల అపకీర్తి మాత్రం దానికీ అంటుతుంది.

రెండు జాబితాలు

2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో క్రైస్తవులు 2.3 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.34 శాతం. ఒక్కొక్క పేటలోని ఆదివారపు హాజరును చూసినవారికి ఈ సంఖ్య తక్కువగా తోస్తుంది. కారణం సంఘపు పుస్తకంలో ఉన్న పేరు, ప్రభుత్వ పుస్తకంలో వేరే మతం కింద ఉండడం.

దీనికి మూలం 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డు కులానికి చెందినవానిగా పరిగణించరాదని దాని మూడవ పేరా పేర్కొంటుంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు లభించింది. క్రైస్తవులకు, ముస్లింలకు లభించలేదు. తెలుగు రాష్ట్రాలలో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాల వారు, వారి సంతతి వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగంలోకి వస్తారు. ఆ విభాగపు రిజర్వేషను 1 శాతం. షెడ్యూల్డు కులాలది 15 శాతం. విద్య, ఉద్యోగాలతో పాటు రిజర్వుడు స్థానాలలో పోటీ చేసే హక్కు, అత్యాచారాల నిరోధక చట్టపు రక్షణ కూడా షెడ్యూల్డు కుల హోదాతోనే ముడిపడి ఉన్నాయి.

ఫలితంగా ఒకే మనిషికి రెండు పేర్లు ఉండడం సాధారణమైంది. సంఘంలో బైబిలు పేరు, బడిలో మరో పేరు. బాప్తిస్మం పొందినా పేరు రిజిస్టరులో రాయవద్దని కోరేవారు, చర్చిలో పెళ్లి చేసుకుంటే 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం కింద నమోదు అవుతుందని సంకోచించేవారు, పెళ్లి ఇంటి వద్ద జరిపి కాపరితో ప్రార్థన మాత్రం చేయించుకునేవారు ఉన్నారు. సంఘం దృష్టిలో ఇది సాక్ష్యంలో లోపం. కుటుంబం దృష్టిలో బిడ్డ సీటు. ఏ కాపరీ ఈ విషయంలో పల్లెను గట్టిగా మందలించలేరు. వారి సొంత పిల్లల ధ్రువపత్రాలదీ తరచుగా అదే సమస్య.

రంగనాథ్ మిశ్రా కమిషను 2007లో సమర్పించిన నివేదికలో షెడ్యూల్డు కుల హోదాను మతంతో నిమిత్తం లేనిదిగా చేయాలని సిఫారసు చేసింది. ఈ విషయాన్ని పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నేతృత్వంలో ఒక కమిషనును నియమించింది. దళిత క్రైస్తవులకు హోదా ఇవ్వాలని కోరుతూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. మరోవైపు, క్రైస్తవాన్ని ఆచరిస్తూ కేవలం ఉద్యోగ ప్రయోజనం కోసం హిందువుగా షెడ్యూల్డు కుల ధ్రువపత్రం కోరడాన్ని సుప్రీంకోర్టు 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో తిరస్కరించింది. మారినవారికి కులం ఉండదన్నది చట్టపు తర్కం. మారిన 150 ఏళ్ల తరువాత కూడా మందిరం అదే పేటలో, శ్మశానం అదే మూలలో ఉండడం పల్లె వాస్తవం.

ఉత్తరం వెంట

సభ్యుడు ఊరు మారినప్పుడు సంఘం ఒక ఉత్తరం ఇస్తుంది. ఫలానా వ్యక్తి మా సంఘంలో బాప్తిస్మం పొంది, మంచి సాక్ష్యం కలిగి ఉన్నారు, మీ సహవాసంలో చేర్చుకోండి అన్నది దాని సారాంశం. అది అందిన తరువాతే పాత పుస్తకంలో పేరు కొట్టివేయాలి. ఈ ఉత్తరాలు సముద్రం దాటి నెటాల్‌కూ వెళ్లాయి. చెరకు, తేయాకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారిలో బాప్టిస్టులు ఉండేవారు. తమకొక కాపరి కావాలని వారు స్వదేశానికి కబురు పంపారు. నెల్లూరు, ఒంగోలు ప్రాంత సంఘాల సొంత మిషను సమాజం 1903లో జాన్ రంగయ్యను అక్కడికి పంపింది. అదే సంవత్సరాంతంలో కెర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. బయటి నుంచి డబ్బు తీసుకునే సంఘాలుగా పేరుపడినవారు, తమ కానుకలతో మరో ఖండానికి కాపరిని పంపిన సందర్భం అది. అమెరికన్ మిషను చరిత్రలలో దీనికి దక్కిన చోటు చాలా తక్కువ.

నేడు వలస దారి హైదరాబాదు, చెన్నై, బెంగళూరుల నిర్మాణ స్థలాలకు, గృహసేవకు, నర్సింగు ఉద్యోగాలకు. అక్కడ చేరే సంఘం తరచుగా బాప్టిస్టుది కాదు. ఉత్తరం అడిగేవారూ లేరు. దానితో పల్లె రిజిస్టరులో పేర్లు అలాగే మిగిలిపోతున్నాయి. క్రిస్మస్‌కు, సంక్రాంతికి వచ్చి ఏడాది కానుక ఒకేసారి ఇచ్చి వెళ్లేవారు సభ్యులా కాదా అన్నది జనవరిలో జరిగే వార్షిక సమావేశాలలో తరచుగా వచ్చే చర్చ. ఓటు హక్కు వారికి ఉంచితే కోరం కుదరదు. పేర్లు తీసివేస్తే సంఘం సగమవుతుంది, కానుక కూడా. చాలా సంఘాలు నిర్ణయాన్ని మరుసటి ఏడాదికి వాయిదా వేసి, హాజరైనవారితోనే డీకన్ల ఎన్నిక ముగిస్తాయి. పండుగకు వచ్చినవారి పిల్లలలో బాప్తిస్మం అడిగినవారు ఉంటే, వారు తిరుగు బస్సు ఎక్కేలోగా కాలువలో నీరు ఉందో లేదో చూసి రావడానికి ఎవరినో ఒకరిని పంపుతారు.